గొట్టం మాత్ర

కొవ్వూరు,
12-9-1998.

అక్కకి,

నీ చెల్లెలు వెంకటదుర్గ రాస్తున్నది. ఇక్కడ మేమంతా తిరుగుతూనే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ సామర్లకోట క్షేమంగా చేరారని తలుస్తాను.

అమ్మ పెద్దకార్యానికి వచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయారు. చాపలు ఉతికి ఆరేశాను. నిన్న అయిదుగురికి బియ్యం పోసేశాను. ఉడికాక తెలిసింది, ఇంట్లో నలుగురమేనని. ఏడుపు రావడం లేదు. కేంద్రంలో పాలు పోసొచ్చి, పిల్లల్ని బడికి పంపి కూర్చుంటే ఎంతసేపు కూర్చున్నానో తెలియడం లేదు.

రైలెక్కుతూ నువ్వు, "టీబీ మందు ఆర్నెల్లు వాడితే తగ్గిపోద్దన్నారు కదే, మరి అమ్మకెందుకు తగ్గలేదు" అన్నావు. నేను నోరు తెరిచేలోగా బండి కదిలిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

మొదటి రెండు నెలలూ బాగానే ఉంది. రాజమండ్రి ఆసుపత్రిలో ఇచ్చిన గొట్టం మాత్ర, అదే క్యాప్సూలు, పరగడుపునే వేసుకునేది. దగ్గు తగ్గింది. మూడో నెలలో పక్కింటి అచ్చిబాబుగారు పేపర్లో చదివారట, ఆ గొట్టాలు పశువుల ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన జిగురుతో చేస్తారని అమ్మతో అన్నారు. మాటవరసకే అన్నారు పాపం. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మన ఆవు గౌరి చచ్చిపోయిన రోజు తోలు కోసం వచ్చినవాళ్లని గుమ్మంలోంచే పంపేసి, చేలో గొయ్యి తీయించి, పసుపూ కుంకుమా చల్లి పూడ్పించిన మనిషి కదా.

నేను మందులషాపు త్రిమూర్తులుగారిని అడిగొచ్చి, అది మొక్కల జిగురేనటమ్మా అని చెప్పాను. నమ్మింది. మళ్లీ వేసుకుంది. రోజూ నా చేత్తోనే ఇచ్చాను. రోగం ముదిరిపోయింది, అంతే. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

ఉంటాను,
దుర్గ

తా.క. : కవరు అంటించబోయి ఆగాను. మొక్కల జిగురని నేను చెప్పలేదక్కా. త్రిమూర్తులుగారు, "నిజమేనమ్మా, పశువులదే" అన్నారు. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నా మీద ఒట్టేసి చెప్పు, ఏమన్నాడే" అంది. చెప్పేశాను. "ఇంక నాకు పెట్టకు. అక్కకి చెప్పకు, వచ్చి బలవంతాన మింగిస్తది" అంది. సరేనన్నాను. అప్పట్నుంచి మిగతా బిళ్లలే వేసుకునేది. ఆ గొట్టాలు నేను కాలవలో పారేసేదాన్ని. ఆసుపత్రిలో నర్సు లోవమ్మగారు అడిగినప్పుడల్లా, అన్నీ వేసుకుంటోందండి అనేదాన్ని.

మొన్న మిగిలిన మందులు తిరిగిచ్చేయడానికి వెళ్లి ఆవిడకి జరిగింది చెప్పాను. కోప్పడలేదు. అదే మందు చిన్నపిల్లల కోసం సీసాలో నీళ్లమందుగా కూడా వస్తుందట. ఒక్కమాట చెప్పి ఉంటే డాక్టరుగారు అదే రాసేవారట. లోపలికెళ్లి ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. తియ్యగా ఉంటుందనీ, పిల్లలు పేచీ పెట్టకుండా తాగేస్తారనీ చెప్పింది.

నేను సీసా తిరిగిచ్చేసి, సరేనండి అని బస్సెక్కి వచ్చేశాను.