ఉల్క మోతా, రెండు బకెట్ల నీళ్లూ

అమ్మా స్టాంకా, ఇల్లూ నేనూ బాగానే ఉన్నాం, బెంగపడకు. కిటికీ అద్దం ఒక్కటి పగిలితే అట్టముక్క అడ్డం పెట్టాను.

గురువారం పొద్దున మన ఊరి మీద ఉల్క పగిలిన సంగతి బెల్‌గ్రేడ్ రేడియోలో వినే ఉంటావు. నేను దాన్ని చూడలేదు. ప్లమ్ సారా కాస్తూ బట్టీ దగ్గర కూర్చుని ఉండగా నేల అదిరేలా మోత వచ్చింది. కంచె అవతల మీ మిలోయె బాబాయి కూడా ఆ రోజే సారా కాస్తున్నాడు. వాడి బట్టీయే పేలిందనుకుని బకెట్‌తో నీళ్లు పట్టుకుని పరుగెత్తాను. కంచె దగ్గర వాడే ఎదురొచ్చాడు. వాడి చేతిలోనూ నీళ్ల బకెట్టే.

"బతికే ఉన్నావా అన్నయ్యా?"

"నాకేంరా! పేలింది నీది కాదూ?"

"నాదెందుకు పేలుతుంది? మంట ఎక్కువ పెట్టేది నువ్వేగా!"

ద్రాక్షతోట గట్టు తగాదా అయ్యాక పదకొండేళ్లకు మేం మాట్లాడుకున్న తొలి మాటలవి. అక్కడే నిలబడిపోయాం. ఈలోగా మంట చూసేవాళ్లు లేక నా సారా మాడింది. వాడు రుచి చూసి "చెప్పలా?" అన్నాడు. అయినా రెండో గ్లాసు కూడా తాగాడు.

నీ దగ్గు తగ్గిందా? నా ఉన్ని బనీను మీ ఇంట్లోనే మరిచాను, పంపు. అల్లుడికి నా దీవెనలు చెప్పు.

ఏటా మన ఇలవేల్పు నికోలా పండుగకు మా రెండిళ్లకూ చెరో కొవ్వొత్తి పంపుతావు కదా, ఈసారి ఒక్కటే పంపు. కాస్త పొడుగుది చూడు.

మీ నాన్న
విటోమిర్