నర్సింగమ్మ తప్ప ఊరంతా

గుండ్లబావి, ఫిబ్రవరి 1949

పింఛను కచేరి గుమాస్తా ఏసోబు గారికి నర్సింగమ్మ దండాలు. చెప్తున్నది నేను, రాస్తున్నది దర్జీ సాయిలు.

మా ఊరి పోస్టాఫీసు దొర గడీ అరుగు మీద ఉండేది. ఎర్రజెండా సంఘపోళ్లకు భయపడి దొర గడీకి తాళమేసి పట్నం పోయిండు. దాంతోని పోస్టాఫీసు గూడ మూతపడ్డది. నా పెనిమిటి మైసయ్య ఫౌజుల చేరి, జర్మనోళ్లతోని పెద్ద లడాయిల పాణమిచ్చిండు. ఆయన పేరు మీది పింఛను దసరా నుంచి వస్తలేదు. మునుపు టపా ఆయన నా ఇంటికే వచ్చి, నలుగురు చూస్తుండంగ చేతుల పెట్టేటోడు. మళ్ల గట్లనే పంపియ్యిరి.

ఇట్లు,
నర్సింగమ్మ వేలిముద్ర

తా.క. అవ్వ తిట్టినవి రాయలేదు. కాగితం చాలలేదు. – సాయిలు

---

నర్సింగమ్మ గారికి ఏసోబు నమస్కరించి వ్రాయునది.

అమ్మా, మీ ఊరి పోస్టాఫీసు మూసినందున పింఛను కోసం మీరే కచేరీకి రావాలి. రాలేకపోతే, మీరు బతికే ఉన్నారని ఇద్దరు పెద్దమనుషులు రాసి ఇవ్వాలి.

ఇట్లు, విధేయుడు,
ఏసోబు

తా.క. ఉత్తరం రాయించారు గనుక మీరు బతికే ఉన్నారని నా నమ్మకం. కాని నా నమ్మకం మీద ఇక్కడ ఎవరూ డబ్బు ఇవ్వరు.

---

ఏసోబు గారికి నర్సింగమ్మ దండాలు.

కట్టంగూరు సంతకు పోయినోళ్లు నీ జాబు తెచ్చిండ్రు. నేను కచేరికి రాను. మైసయ్య ఏనాడూ ఒకరి గుమ్మం ముందట చెయ్యి చాపలే. నేనూ చాపను. ఇగ పెద్దమనుషులంటవా, దొర, పటేలు, పట్వారి ముగ్గురూ పట్నం ఉరికిండ్రు. ఊర్ల మంచోళ్లే మిగిలిండ్రు. వాళ్లు చెప్తే నడుస్తదా?

ఇట్లు,
నర్సింగమ్మ వేలిముద్ర

తా.క. ఇప్పుడు అవ్వకు జొన్నలు ఊరే ఇస్తున్నది. అప్పు అంటేనే తీసుకుంటది. ఊరికే ఇస్తే వాకిట్ల పారబోస్తది. – సాయిలు

---

నర్సింగమ్మ గారికి ఏసోబు నమస్కారాలు.

ఊరివాళ్లు చెప్పినా సరేనని మా అధికారి అన్నారు. అయితే కాగితం మీద కాదు, నా ఎదుట నిలబడి చెప్పాలి.

ఇట్లు, విధేయుడు,
ఏసోబు

తా.క. ఎంతమంది అన్నది ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

---

నర్సింగమ్మ గారికి ఏసోబు నమస్కారాలతో వ్రాయునది.

అమ్మా, నిన్న మీ ఊరంతా బండ్లు కట్టుకొని, డప్పు కొట్టుకుంటూ కచేరీకి వచ్చింది. సంఘం దళం మా మీద పడిందనుకుని మా అధికారి బల్ల కిందికి వెళ్లారు. నాకు తలుపు వెనుక చోటు దొరికింది. పోలీసులు తుపాకులు ఎత్తేసరికి సాయిలు ముందుకొచ్చి, "నర్సింగమ్మ బతికే ఉన్నదని చెప్పనీకి వచ్చినం" అన్నాడు. పొద్దు గుంకేదాకా ఒక్కొక్కరూ నా ఎదుట నిలబడి అదే మాట చెప్పారు. చివరికి ఆ నర్సింగమ్మ ఎవరో ఒకసారి చూస్తానన్నాను. ఊరంతా వచ్చింది, మీరు తప్ప.

మీ పోస్టాఫీసు మళ్లీ తెరవమని అధికారి బల్ల కింది నుంచే హుకుం ఇచ్చారు. వచ్చే నెల ఎవరూ రావద్దని ఆయన ప్రార్థన. గడీ కాక వేరే జాగా ఉంటే తెలుపగలరు. మిలటరీ మీ ఊరికి సోదాకు వెళ్లిందని విన్నాను. క్షేమమేనా?

ఇట్లు, విధేయుడు,
ఏసోబు

తా.క. నేను బతికున్నానని చెప్పమంటే మా వీధిలో ఇద్దరు కూడా రారు.

---

బిడ్డా ఏసోబూ, నర్సింగమ్మ దీవెనలు.

అందరూ పోతే ఊర్ల గొడ్లకు నీళ్లెవరు పెడ్తరు? అందుకే నేను ఆగిన. ఊరు ఖాళీ అయిందంటే అందరూ సంఘంల కలిసిండ్రేమోనని మిలట్రీ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి నా ఇంటికొచ్చిండ్రు. గూట్లె ఉన్న, మైసయ్యకు లడాయిల ఇచ్చిన ఫౌజు బిళ్ల చూసి జమేదారు ఆగిండు. ఎవరిదని అడిగిండు. వచ్చీరాని ఉర్దూల చెప్పిన. సిపాయిలను వరుసల నిలబెట్టి నాకు సలాం కొట్టిచ్చిండు. మైసయ్య పోయిన కబురొచ్చిన నాడు గూడ నేను గంత ఏడ్వలే. అందరికి జొన్న గటక పెట్టి పంపిన. నేను బతికున్ననని జమేదారు మొహరు వేసిచ్చిన కాగితం దీంతోని పంపుతున్న.

పోస్టాఫీసుకు నా ఇంటి అరుగు తీస్కోండి. కిరాయి వద్దు. పింఛను నా గడపకే రావాలంటి, ఇప్పుడు పోస్టాఫీసే నా గడపకు వస్తున్నది.

ఇట్లు,
నర్సింగమ్మ వేలిముద్ర

తా.క. నువ్వు బతికున్నవని చెప్పాల్సొస్తే ఒక్క జాబు రాయి బిడ్డా. బండ్లు కట్టుకొని వస్తం. ఈసారి నేను గూడ వస్త. – నర్సింగమ్మ