నస్రీన్ వాళ్ళ ఇంటి మెట్లు

ఏమండీ,

బాగున్నారా? మీరు వెళ్ళిపోయి నాలుగు నెలలు దాటింది. ఇక్కడ మోరిస్‌విల్‌లో చలి తగ్గింది. నేను బాగానే ఉన్నాననుకుంటున్నాను...

మీ శనివారం పని మానలేదు. హైస్కూల్ పిల్లలు ఎప్పటిలాగే మన గరాజ్‌కి వచ్చి బియ్యం, శనగలు, గోధుమపిండి, నూనె సంచుల్లో సర్దుతున్నారు. వ్యాన్ మాత్రం ఇప్పుడు నేను నడుపుతున్నాను. హైవే ఎక్కగానే పక్కింటి ప్రణవి కళ్ళు మూసుకుంటోంది. మీరుంటే నన్ను వీధి చివరిదాకా కూడా నడపనిచ్చేవారు కాదు.

మనం సంచులిచ్చే, కాబూల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకా ఆ పాత అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాయి. అక్కడ యుద్ధం అయిపోయిందంటారు. మరి వీళ్ళకింకా అయినట్టు లేదేం?

"సంచి గుమ్మంలో పడేసి పరిగెత్తుకు రాకండి. కూర్చోమంటే కూర్చోండి, టీ ఇస్తే తాగండి" అనేవారు కదా. పిల్లలు మీ మాట వింటున్నారు. విననిది నేనే. ఏడాది తిరిగేదాకా ఒకరి గడప తొక్కకూడదని అక్క గుంటూరు నుంచి ఫోన్ చేసి గట్టిగా చెప్పింది. అందుకని వ్యాన్‌లోనే కూర్చుంటున్నాను. మీకు ఇలాంటివి గిట్టవని తెలుసు. నేను మాత్రం నమ్ముతున్నానా? ఏమో... నేను వెళ్తే వాళ్ళకేమైనా అవుతుందేమోనని భయం. అంత చూసొచ్చిన వాళ్ళకి నావల్ల కొత్తగా ఏమవుతుంది?

మూడో అంతస్తు నస్రీన్ గుర్తుంది కదా, ఇద్దరు ఆడపిల్లలతో ఒక్కతే వచ్చిన ఆవిడ, మీకు ఏలకుల టీ ఇచ్చేది. మీరెక్కడని అడిగితే ప్రణవి కంగారుపడి ఇండియా వెళ్ళారని చెప్పేసిందట. ఆ పిల్లని ఏమనను? నేనూ నిజం చెప్పలేదు. వారం వారం ఆవిడ బాల్కనీలోంచి చెయ్యి ఊపి రమ్మంటుంది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు తల దించుకుంటాను. ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా?

మొన్న శనివారం ఆవిడే రెండు గ్లాసుల టీతో కిందికి దిగి వచ్చి, నా పక్క సీట్లో కూర్చుంది. తనవల్ల ఏమైనా తప్పు జరిగిందా, పైకి ఎందుకు రావడం లేదని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది. మీరు లేరని చెప్పేశాను.

ఆవిడ తన గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టేసింది. తర్వాత మీ సమాధి ఎక్కడుందో చెప్తే వచ్చి ప్రార్థన చేస్తానంది. మాలో సమాధులుండవు, అస్థికలు సముద్రంలో కలిపేశామన్నాను. నా చెయ్యి పట్టుకుని, తన భర్తకీ సమాధి లేదంది.

నన్ను ఓదార్చిందా? తన బాధ చెప్పుకుందా? నాకు అర్థం కాలేదండీ. మిమ్మల్ని నా చేతులతో సాగనంపాను. ఆవిడకి ఆ మాత్రం కూడా...

ఇంటికొచ్చాక తట్టింది. ఇన్నాళ్ళు ఆ ఇంట్లో టీ తాగారే, ఆవిడ భర్త పేరేమిటో మీరైనా అడిగారా? నాకైతే తెలియదు.

అక్కకి ఏం చెప్పాలో తర్వాత చూసుకుంటాను. ఈ శనివారం మెట్లెక్కి వెళ్ళి, ఆయన పేరు అడుగుతాను.

మీ
సుజాత