బోణీ చేసిన బందిపోటు

లక్ష్మీపూర్,
9-2-1998

బావగారికి మన్మథరావు నమస్కారాలు.

మీ చెల్లి రామతులసి, పిల్లలు, కిరాణా దుకాణం అంతా కులాసా. నేను మాత్రం సినిమా నటుణ్ణయ్యాను.

ఇక్కడి కొండదారి ఘాటీలో తెలుగు సినిమా తీస్తున్నారు. ఇంగ్లీషు గుర్రాల సినిమాలనీ, మన ఫైటింగు సినిమాలనీ కలిపి వెక్కిరించే సినిమా. హీరోకి పైన తోలు టోపీ, కింద పంచె. మొన్న పొద్దున్నే షూటింగుకని బందిపోటు వేషగాడు తుపాకీతో నా దుకాణానికి వచ్చాడు. నేను చేతులెత్తి ఏడవాలట. నాకేమో ఇంకా మొదటి బేరమే తగల్లేదు. "బోణీ అవనేదు బాబూ. ముందు ఏటోటి కొను, ఆనక దోసుకుందువు గాని" అనేశాను. డైరెక్టరు నవ్వి నవ్వి, నాకు వేషం ఖాయం చేశాడు.

మీ బావ,
మన్మథరావు

తా.క.: బందిపోటు చేత బట్టలసబ్బు కొనిపించాను. షాటయ్యాక తిరిగిచ్చేస్తానన్నాడు. నేను తీసుకోలేదు.

రాయగడ,
14-2-1998

బావకి సోమేశ్వరరావు రాయడం.

సంతోషం. చాలా సంతోషం. నేనిక్కడ బట్టలకొట్టు కట్టేసి మరీ ఇరవయ్యేళ్లుగా నాటకాల్లో రాజవేషాలు వేస్తున్నాను. ఏ బందిపోటూ నా కొట్టుకి రాలేదు. సరే.

నటన తెలియనివాడివి కనక చెబుతున్నాను. డైలాగు అలా మామూలుగా అనకూడదు. ఛాతీ విరుచుకో, కళ్లు పెద్దవి చెయ్యి, మాటమాటకీ ఊపిరి పీల్చి దుకాణం దద్దరిల్లేలా అరవాలి.

నీ మేలు కోరే,
సోమేశ్వరరావు

తా.క.: నాకు కుళ్లేమీ లేదు. ఈ ముక్క చెల్లికి రెండుసార్లు చదివి వినిపించు.

లక్ష్మీపూర్,
22-2-1998

గురువులాంటి బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే అరిచాను. గుర్రం బెదిరి, బందిపోటుని పప్పుబస్తాల మీద పడేసి పారిపోయింది. వెక్కిరింత సినిమాకి ఇదే కావాలంటూ డైరెక్టరు నాకు టోపీ, తుపాకీ, గుర్రం ఇచ్చి ఇంకో మూడు సీన్లు తీశాడు. అంతా మీ చలవే. నిన్ననే పని ముగించుకుని అందరూ హైదరాబాదు వెళ్లిపోయారు.

మీ శిష్యుడు,
మన్మథరావు

తా.క.: వాళ్లన్న కంటే నేనే మంచి నటుణ్ణని మీ చెల్లి వీధిలో చెబుతోంది.

రాయగడ,
27-2-1998

బావా,

నాకు కుళ్లే. ఒళ్లంతా కుళ్లే. అన్నం సయించడం లేదు. లోకం ఏమన్నా పడతాను గానీ, చెల్లి దృష్టిలో మాత్రం నటుడంటే నేనే కావాలి. అందుకే నీకు నటన రాదు, గొంతు అసలే బాగుండదు, నీ సీన్లన్నీ తీసేసి నాతో మళ్లీ తీయండి అని డైరెక్టరుకి రాసేశాను. ఇవాళ రైలెక్కి హైదరాబాదు పోతున్నాను.

మొహమాటం విడిచిన,
సోమేశ్వరరావు

తా.క.: దారికి ఫలహారం నేనే కట్టుకున్నాను, చెల్లికి చెప్పకు. తనకి తెలియకూడదు.

లక్ష్మీపూర్,
12-9-1998

బావగారికి, నోరు పెగలని మన్మథరావు నమస్కారాలు.

అప్పట్నుంచీ మీరు ఒక్క ముక్క రాయలేదు. నా వేషం లాక్కున్నారనే అనుకున్నాను. నిన్న కోరాపుట్‌లో సినిమా చూశాం. వేషం నాదే. టోపీ, మీసం, గుర్రం మీంచి పడ్డం అన్నీ నావే. నోరు తెరిస్తే మాత్రం మీరు. నా గొంతు బాగుండదన్న మీ మాట ఒక్కటే నమ్మి, డైరెక్టరు డబ్బింగు మీ చేత చెప్పించాడన్నమాట.

హాల్లో జనం నన్ను గుర్తుపట్టి వేలెత్తి చూపిస్తుంటే మీ చెల్లి కళ్లు తుడుచుకుంటూ, "మొకం ఎవులిదైతే ఏటి, గొంతు మా అన్నది" అంది. ఇప్పుడు కుళ్లు నాకు పట్టుకుంది.

ఉన్న గొంతూ పోయిన,
మన్మథరావు

తా.క.: పొద్దున్న పప్పులో ఉప్పు తక్కువైందన్నాను. "మా అన్న గొంతుతో సెప్పండి, అప్పుడు ఇంటాను" అంది.