నాలుగో పెట్టెలో మట్టి

ఇంజనీరమ్మ తల్లికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి కళ్లజోడు విసిరికొట్టాను. పగల్లేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఆసుపత్రి మెట్లవైపు మూల కుంగి, గోడ కూలి, అక్కడ పనిచేసే ఆయా కాలు పోతే, కట్టిన పాపానికి పొట్టి మేస్త్రిని లాకప్పులో వేస్తారా? సిమెంటు తినేశాడట! ముప్పై ఏళ్లు నా పక్కన పనిచేసినవాడు, ఒక్క తట్ట ఇసుక ఇంటికి మోసుకెళ్లలేదు. అడిగితే నోరు విప్పడం లేదట. మొండి వెధవ.

అక్కడ పునాదికి ముందు మట్టి పరీక్ష బోర్లు వేసింది నేనే. మట్టి నాలుక మీద వేసుకుని ఇసుకెంతో బంకెంతో చెప్పేవాణ్ణి. ఓసారి కూరలో ఉప్పు చాల్లేదంటే మీ అమ్మ, "మట్టి తినే నోటికి ఉప్పెందుకు?" అంది. సరే, ఆ గొడవ వేరు. నాలుగు బోర్లలోనూ గట్టి గులక నేలే, బోరుకో పెట్టె చొప్పున ఆ మట్టి నమూనాలు దాచి ఉన్నాయి. మీ విచారణ సంఘంలో కుర్చీలు అరగదీసే పెద్దమనుషుల్ని నా మట్టి పెట్టెలు తెరిచి చూడమను! వచ్చే నెల మొదటి సోమవారం విచారణలో వాడు బయటపడాలి.

ఉడికిపోతున్న
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

పెట్టెలు తెరిచాం. సిమెంటూ పరీక్షించాం. పాళ్లు సరిగ్గానే ఉన్నాయి, పొట్టి బాబాయ్ పనిలో వంకలేదు.

కుంగిన మూలలో, అంటే నీ నాలుగో బోరు చోట, గొయ్యి తీయించాను. గులక లేదు. నల్లటి బురద, కుళ్లిన పీచు, తొమ్మిది అడుగుల లోతున ఒక రబ్బరు చెప్పు. ఎప్పుడో చెత్తతో పూడ్చేసిన కుంట అది.

మరి నీ నాలుగో పెట్టెలోకి గులక ఎలా వచ్చింది? అందులో తెల్లచార ఉన్న నల్లరాయి సగం ముక్క ఉంది. మిగతా సగం మూడో పెట్టెలో దొరికింది. రెండు బోర్లకూ మధ్య అరవై అడుగులు. ముక్కలు రెండూ కలిపితే వెంట్రుక కూడా దూరలేదు.

ఫైల్లో కంపెనీ పేరే ఉంది, ఆ బోర్లు నీవని నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు. ఇక ఈ ఫైలు నేను ముట్టకూడదు, పైఅధికారికి ఇచ్చేస్తున్నాను. కూతురిగా ఒక్కటే అడుగుతున్నా. అమ్మ కూర సంగతులు వద్దు. నాలుగో బోరు వేశావా, లేదా?

నీ కూతురు

*

తల్లీ,

వేయలేదు.

ఆ చోట ఇనుప చువ్వల మోపులు దింపి ఉన్నాయి. జరపమంటే జరిపేవాళ్లే. అడగలేదు. అరవై అడుగుల్లో నేల ఏం మారుతుందిలే అని మూడో బోరు మట్టినే రెండు పెట్టెల్లో పోసి, నాలుగూ వేశానని కంపెనీకి చెప్పాను. ఎవడూ లంచమివ్వలేదు, ఎవడూ బెదిరించలేదు. నా పొగరు, అంతే.

పునాది పోసేరోజు పొట్టోడు అడిగాడు. "అన్నా, నాలుగోది వేయలేదుగా, ఆ మూల ఓసారి చూద్దామా?"

"నా నాలుక మీదే అనుమానమట్రా నీకు?" అని నలుగురిలో తిట్టాను. వాడు తలవంచుకుని తాపీ అందుకున్నాడు.

వాడు నోరు విప్పనిది మొండితనంతో కాదమ్మా. నాకోసం. నేనేమో ఇక్కడ కూర్చుని లోకాన్నంతా తిడుతున్నాను.

సోమవారం పొద్దున్నే విచారణ గది గుమ్మంలో ఉంటాను. ఈ ఉత్తరం మీ అధికారికి ఇచ్చెయ్. ఆ రాయి ముక్కల్ని విడివిడిగానే ఉంచమను. పొట్టోడి ఎదుట నేనే కలుపుతాను.

నాన్న