పెరో మెడ మీది తారు

జూన్ 9, 1953. మంగళవారం

పక్క ఫారం కుక్క మా గొర్రెల కుక్క పెరోని కరిచింది. తప్పు నాదే, గేటుకు గొళ్ళెం పెట్టలేదు. మెడ పక్కన రెండు చిన్న రంధ్రాలు, అంతే. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెకు గాటు పడితే మామగారు తారు పూస్తారు, ఈగలు వాలవు. నేనూ అదే పూశాను. పెరో నల్లటివాడు, కనబడదు. మామగారికి చెప్పలేదు.

జూన్ 11

గిన్నెలో సగం వదిలేశాడు.

జూన్ 12. శుక్రవారం

మెడ వాచింది. ముట్టుకుంటే కాలిపోతోంది. మామగారు ఈల వేస్తే లేచాడు కానీ రాతిమెట్టు ఎక్కలేకపోయాడు. మామగారు వాడినే చాలాసేపు చూశారు. పోయినేడు మా ముసలి కుక్క ఫ్లాష్‌ని గోడ వెనక్కి తీసుకెళ్ళే ముందూ ఇలాగే చూశారు. తుపాకీ మోత వంటింట్లోకి వినబడింది.

వచ్చే వారం శనివారం అన్ని ఫారాలవాళ్ళూ కలిసి కొండ మీది గొర్రెల్ని దించాలి. పని చెయ్యని కుక్కకి కూడు దండగ అమ్మాయ్, సోమవారం దాకా చూస్తాను అన్నారు మామగారు. చెప్పేద్దామనుకున్నాను. వెళ్ళి గిన్నెలు కడిగాను.

జూన్ 13. శనివారం

మా ఆయన ఇద్వాల్ వారమంతా క్వారీలో ఉండి ఇవాళ వచ్చారు. నాన్నతో నేను మాట్లాడలేను, నువ్వే చెప్పు అన్నారు. పశువుల డాక్టరుకి ఇంగ్లీషు తప్ప రాదు. నాకు మా వేల్స్ మాట వెల్ష్ తప్ప రాదు. ఆయన్ని పిలవాలంటే పోస్టాఫీసు ఫోనే దిక్కు, అది తలుచుకుంటేనే భయం.

గుడ్లు ఇచ్చే వంకతో పక్క ఫారం మార్గెడ్ అత్త దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆ తారు నీ మొగుడి నోటికి పూయవే, అదెలాగూ మూసే ఉంటుంది అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. కాటు పైకి సూదిబెజ్జం, లోపల గొయ్యి. మూత పెట్టేశావే పిచ్చిదానా, చీము ఎటు పోతుంది అంది. వెన్న రాసి తారు తియ్యి, చుట్టూ బొచ్చు గీసెయ్యి, వేడి ఉప్పునీళ్ళ గుడ్డ పెడుతూ ఉండు, లోపలినుంచి మానాలి, పైతోలు తొందరపడి మూసుకోకూడదు అంది.

జూన్ 14. ఆదివారం, ఉదయం 10

మామగారూ ఇద్వాలూ చాపెల్‌కి ప్రార్థనకు వెళ్ళారు. నేను తలనొప్పి అని అబద్ధమాడాను. ఆదివారం పని పాపమని ఈ ఇంట్లో బంగాళాదుంప తొక్క కూడా తీయరు, శనివారమే తీసి నీళ్ళలో వేయాలి. నేను మామగారి క్షవరం కత్తి తీశాను. దేవుడు చూస్తున్నాడు. చూడనీ.

11.20

మూడో గుడ్డకి పుండు మీది పక్కు ఊడింది. ఒక్కసారిగా చీము. కంపు. ఇంత వస్తుందనుకోలేదు. చచ్చిపోతాడనుకున్నాను. పళ్ళు బయటపెట్టాడు కానీ కరవలేదు. నా మణికట్టుని నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

1 గంట

మామగారు గుమ్మంలో నిలబడ్డారు. కత్తి నిండా నల్ల బొచ్చు. చెప్పేశాను. గేటు, తారు, తలనొప్పి, అన్నీ. ఇద్వాల్ నేల చూస్తున్నారు. సోమవారం దాకా అన్నారుగా అన్నాను, సోమవారం దాకానే అన్నారు మామగారు.

జూన్ 15. సోమవారం

తెల్లవారకముందే లేచాను. వాపు తగ్గింది. పెరో గంజి తాగాడు. మామగారు తలుపు దగ్గర నిలబడి గిన్నె ఖాళీ అయ్యేదాకా చూశారు. తుపాకీ గోడ మీదే ఉంది. రోజంతా దాన్నే చూస్తూ పని చేశాను.

జూన్ 20. శనివారం

పెరో లేకుండానే కొండ మీది గొర్రెల్ని దించారు. నీ కుక్కేదయ్యా అని ఎవరో అడిగితే, దొరగారు సెలవులో ఉన్నారు అన్నారట మామగారు. ఇద్వాల్ చెబుతూ నవ్వారు. నాకింకా నవ్వు రాలేదు.

జూన్ 24

పెరో గాయం కడిగి లేచాను. మామగారు నా వెనకే ఉన్నారు. ఎడమ చెయ్యి చాచారు. వాచి, అరచెయ్యి ఎర్రగా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ దాచారు.

దీనికీ ఆ ఉప్పునీళ్ళు పెట్టు అమ్మాయ్ అన్నారు. కళ్ళు మూసుకున్నారు.