సొరంగం కింద కాలిన వైరు

అక్కా,

లేవగానే ముందు ఇది చదువు. ఆ తర్వాతే నీ బొమ్మ రైలు బల్ల దగ్గరికి వెళ్లు. ప్లగ్గు మాత్రం పెట్టొద్దు. పెట్టాలన్నా కుదరదులే, ట్రాన్స్‌ఫార్మర్ నా బ్యాగులో వేసుకుని ఆఫీసుకి పట్టుకెళ్తున్నాను. తిట్టుకుంటే తిట్టుకో.

పొద్దున ఇస్త్రీపెట్టె కోసం నీ గదిలోకి వస్తే కాలిన వాసన గుప్పుమంది. ప్లగ్గు పీకేసి బల్ల కింద దూరి చూశాను. సొరంగం కింద నువ్వు టేపు చుట్టి కలిపిన వైర్లు కరిగి ముద్దయిపోయాయి. పైన థర్మకోల్ కొండకి అరచెయ్యంత నల్లటి చిల్లు పడింది. ఇంకా వెచ్చగానే ఉంది. దానికి జానెడు దూరంలో నీ దుప్పటి అంచు వేలాడుతోంది. నువ్వేమో జలుబు మాత్ర వేసుకుని మొద్దునిద్ర. కంగారుగా కుదిపితే "బండి వచ్చిందా?" అని అటు తిరిగి పడుకున్నావు. నవ్వొచ్చింది. కిటికీలు తెరిచి, నీ దుప్పటి మంచం మీదికి లాగి, గుమ్మంలోనే కూలబడ్డాను.

నాలుగింటికి ఎదురింటి ఎలక్ట్రీషియన్ వస్తాడు. "నాకన్నీ తెలుసు" అని అతన్ని వెనక్కి పంపకు. ప్రతి అతుకూ చూపించు. అప్పటిదాకా కిటికీలు తెరిచే ఉంచు. మధ్యాహ్నం ఫోన్ చేస్తాను, మొదటి రింగుకే ఎత్తు. ఎత్తకపోతే నా గుండె ఆగిపోతుంది.

టేపు చాలదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!

ఇంకోటి. నిన్న రాత్రి నువ్వు పడుకున్నాక స్విచ్చు వేసింది నేనే. ఎప్పుడూ బొమ్మల పిచ్చి అని వెక్కిరిస్తాను కదా, నీ ముందు చూడాలంటే నామోషీ. ఆ బుల్లి స్టేషన్లో దీపాలు వెలిగితే ఎంత బాగుందో. బండి ఆపాను. కరెంటు ఆపడం మరిచిపోయాను, అక్కా.